ముప్పయి రెండా? ముప్పయి ఒకటా?

కాగితం, పెన్సిలు, వృత్తలేఖిని తీసుకోండి. కాస్త పెద్ద వృత్తం గీయండి. పరిధిపై 2 బిందువులు పెట్టి కలపండి. వృత్తం 2 భాగాలయింది. 3 బిందువులు పెట్టి ప్రతి జతనూ కలిపితే 4 భాగాలు. 4 బిందువులకు 8. 5 బిందువులకు 16. మరి 6 బిందువులకు?

"32!" అని మీ మనసు అప్పుడే చెప్పేసి ఉంటుంది. గీసి లెక్కపెట్టండి. మూడు జ్యాలు ఒకేచోట ఖండించుకోకుండా మాత్రం చూసుకోండి. ఎన్నిసార్లు లెక్కించినా 31 భాగాలే!

ఎందుకిలా జరిగింది? ఖాళీ వృత్తం ఒకే భాగం. జ్యాలను ఒక్కొక్కటే గీస్తూ పోదాం. కొత్త జ్యా దేనినీ ఖండించకపోతే ఒక భాగం పెరుగుతుంది. వృత్తం లోపల అది ఖండించే ప్రతి పాత జ్యాకూ మరొక భాగం చొప్పున పెరుగుతుంది. కాబట్టి మొత్తం భాగాలు = 1 + జ్యాల సంఖ్య + ఖండన బిందువుల సంఖ్య.

ఆరు బిందువులను రెండేసి చొప్పున కలిపితే జ్యాలు 15. ఖండన బిందువులెన్ని? ఒకదానిపై వేలు పెట్టండి. అక్కడ కలిసిన రెండు జ్యాలకు చివరలు నాలుగు. ఇప్పుడు తిరగేసి ఆలోచించండి. పరిధిపై ఏ నాలుగు బిందువులు తీసుకున్నా ఒక చతుర్భుజం వస్తుంది. దాని కర్ణాలు ఒకే ఒక్కచోట ఖండించుకుంటాయి. అంటే నాలుగు బిందువులకు ఒక ఖండన బిందువన్నమాట! ఆరింటిలో నాలుగింటిని ఎన్నుకోవడమంటే రెండింటిని వదిలేయడమే. అదీ 15 విధాలే. 1 + 15 + 15 = 31.

చూశారా! "32" అన్నది స్ఫురణే. "నాలుగింటికి ఒకటి" అని తట్టడమూ స్ఫురణే. మొదటిది మోసగించింది, రెండవది దారి చూపింది. ఏది ఏదో తేల్చి చెప్పేది నిరూపణ ఒక్కటే.

శ్రీనివాస రామానుజన్ 1913లో మద్రాసు నుంచి కేంబ్రిడ్జిలోని హార్డీకి ఎన్నో సూత్రాలు రాసి పంపాడు. అవి చూసి హార్డీ అబ్బురపడ్డాడు. అయినా వాటిలో ప్రధాన సంఖ్యలను గురించిన కొన్ని మాటలు సరికావని తేలింది. అంతటి మేధావి స్ఫురణకూ నిరూపణ తోడు కావలసి వచ్చింది.

అలాగని ఊహించడం మానకండి. ఊహ లేనిదే నిరూపించడానికి ఏముంటుంది? ఇప్పుడు 7 బిందువులకు ఎన్ని భాగాలో ముందు ఊహించండి. తరువాత లెక్క కట్టండి. 57 వస్తే మీ దారి సరైనదే!