మూడు సెకన్లలో తేలిపోయే డీజే పనితనం

బరాత్‌లో ఎప్పుడైనా గమనించారా? తీన్మార్ ఊపందుకుంటుంది. పెళ్లికొడుకు దోస్తులు చొక్కాలు తడిసేదాకా ఎగురుతుంటారు. ఇంతలో పాట అయిపోతుంది. తర్వాతి పాట మొదలవడానికి మూడు సెకన్లు. అంతే, సగం మంది నీళ్ల బాటిళ్ల కోసం పక్కకు జరుగుతారు. ట్రాలీ నిండా బాక్సులున్నా ఆ మూడు సెకన్లను నింపలేకపోతే డీజేకు పని రానట్టే.

ఆ ఖాళీ లేకుండా చూడటమే హౌస్ మ్యూజిక్ డీజేల అసలు విద్య. అమెరికాలోని షికాగోలో 1977లో 'వేర్‌హౌస్' అనే క్లబ్ తెరిచారు. అక్కడ ఫ్రాంకీ నకుల్స్ పాటలను ఒకదానిలోకి ఒకటి కలుపుతూ తెల్లవార్లూ ఆడించేవాడు. ఆ క్లబ్ పేరులోంచే 'హౌస్' వచ్చిందంటారు. 1998లో రీమిక్సర్లకు గ్రామీ మొదలుపెడితే తొలి అవార్డు ఆయనకే దక్కింది.

క్లబ్‌కు వెళ్లలేని వాళ్ల కోసం వచ్చినవే మిక్స్ ఆల్బమ్‌లు. బెర్లిన్ నుంచి 1995లో 'డీజే కిక్స్', లండన్ నుంచి 2001లో 'ఫ్యాబ్రిక్' సిరీస్‌లు మొదలయ్యాయి. వీటిలో పాటలు చాలావరకు వేరేవాళ్లవే. మరి డీజే గొప్పేంటి? ఏ పాట తర్వాత ఏది, ఎక్కడ కలపాలి, ఎక్కడ ఊపు తగ్గించాలి అన్నదే. పెళ్లి భోజనంలో వడ్డన లాంటిదన్నమాట. వంట ఎవరిదైనా, వరుస తప్పితే విస్తరి పాడవుతుంది.

కొడిమ్యాల మండలం నాచుపల్లిలోని జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివేవాళ్లకు ఈ లెక్క చిటికెలో పని. హౌస్ పాట నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలతో నడుస్తుంది. వేగం 120 అయితే 32 దెబ్బలకు సరిగ్గా 16 సెకన్లు. కొత్త పాటను ఆ 32 మొదట్లోనే ఎత్తుకోవాలి. మధ్యలో ఎత్తుకుంటే, తాళం తెలియనివాళ్లకు కూడా ఏదో తేడా కొడుతుంది. ఈసారి ఏదైనా పాట విన్నప్పుడు 15 సెకన్లు దెబ్బలు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, వేగం తెలిసిపోతుంది. తీన్మార్‌ది వేరే నడక. దాన్ని హౌస్‌తో అతకాలంటే వేగం ఒక్కటే కలిస్తే చాలదు. కష్టమంతా అక్కడే, మజా కూడా అక్కడే.

మనవాళ్లకు ఇది కొత్తేం కాదు. ముంబై సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే పది రాగాలను డిస్కో దరువు మీద యంత్రాలతో వాయించి ఆల్బమ్ తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే ప్రపంచం నోరెళ్లబెట్టింది.

డీజేను ఉపాధిగా అనుకుంటున్నారా? అప్పు చేసి బాక్సులు కొనేముందు ఒక గంట మిక్స్ తయారుచేయండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే 'మిక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఈవెంట్ల వాళ్లకు వినిపించడానికి సర్టిఫికెట్ కంటే అదే పనికొస్తుంది. బాక్సుల మీదే ఆధారపడితే ఇబ్బందే. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024లో నిషేధించారు. కిస్తీలు మాత్రం ఆగవు కదా!

ఇంకో మాట. పెళ్లి ఊరేగింపులో రికార్డు పాటలు వేయడానికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తోంది. అదే మిక్స్‌ను ఆల్బమ్‌గా అమ్మాలంటే మాత్రం ప్రతి పాట హక్కుదారు అనుమతీ తీసుకోవాల్సిందే. ఇక రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు బంద్. ఆ టైమ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేస్తే అడిగేవాళ్లు లేరు.