నునుపు – గరుకు

హైదరాబాదు నగరమందు మూసీనదికి ఉత్తరమున బేగంబజారు అను పెద్ద టోకు విపణి కలదు. అచ్చటి పాత్రల అంగళ్లలో మెఱుగుపెట్టిన స్టీలు పళ్లెములును, మెఱుగులేని పళ్లెములును కానవచ్చును. మొదటివానిలో మన ముఖము కనబడును; రెండవవానిలో కనబడదు. లోహ మొక్కటియే, వెలుతురు నొక్కటియే. మఱి యీ భేద మెట్లు కలిగినది?

నున్నని తలముపై పడిన కిరణములు క్రమము తప్పక వెనుకకు మరలును. కావున ప్రతిబింబ మేర్పడును. గరుకు తలమునందు లెక్కలేనన్ని మిట్టపల్లము లుండును. అవి కిరణములను తలకొక దిక్కునకు త్రోసివేయును. ఇట్లు కాంతి చెదరుటను పరిక్షేపణ మందురు.

మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. మన కంటికి కనబడు కాంతి తరంగముల పొడవు సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వఱకు నుండును. మిట్టలు ఇంతకంటె మిక్కిలి చిన్నవైనచో కాంతికి ఆ తలము నునుపుగనే తోచును. ఇంచుమించు ఇంతటివైనచో కాంతి చెదరును. అవి సమదూరములలో వరుసదీరియున్నచో ఒక్కొక్క రంగు ఒక్కొక్క దిక్కునకు పోవును. సీడీపై కనబడు రంగు లిట్టివే. వరుస తప్పియున్నచో రంగులన్నియు కలిసి తెల్లగ కనబడును. ఆగ్నేయాసియాలో సైఫోకిలస్ అను తెల్లని పెంకుపురుగు కలదు. దాని పొలుసుల మందము మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మాత్రమే. వానిలో తెల్లరంగు లేదు; చిక్కుపడిన సన్నని పోగులే కలవు. ఆ చిక్కే తెలుపునకు కారణమని 1907 కాదు, మొన్నమొన్న 2007లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

కాంతి పరిక్షేపణ శాస్త్రమున తెలుగువారికిని పాలు కలదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము 1928లో కలకత్తాలో సి.వి. రామన్ చెంత చేరి, అణువులు కాంతిని చెదరగొట్టు తీరును పరిశోధించెను. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను.

ఈ జ్ఞానము నేడు సౌరవిద్యుత్తునకు తోడ్పడుచున్నది. నున్నని సిలికాన్ పలక తనపై బడిన వెలుతురులో ఇంచుమించు మూడవ వంతును వృథాగా త్రిప్పిపంపును. పలకను క్షార ద్రవమున ముంచినచో దానిపై సూక్ష్మమైన గోపురము లడ్డదిడ్డముగ లేచును. ఒక గోపురమునుండి జారిన కిరణము ప్రక్కదానిపై బడి లోనికి పోవును. లోన చెదరి చాలదూర మేటవాలుగ నడచును. కావున పలుచని పలకయు ఎక్కువ కాంతిని గ్రహింపగలదు. ఒక్కొక్క గోపురమునకు చోటు నిర్ణయింప నక్కఱలేదు. వాని సగటు ఎత్తును, ఎడమును అదుపులో నుంచిన చాలును. క్రమములేమిని సయితము మేర యెఱిగి వాడుకొన్నచో అది మేలే చేయును.