తెగిన చోటనే అతుకుకొను జెల్

పుండు మానవలెనన్నచో దానిని ఎండనీయవలెనని తరతరములుగా జనులు నమ్మిరి. వైద్యులును చిరకాలము అట్లే తలచిరి. 1962లో జార్జి వింటర్ అను బ్రిటిష్ పరిశోధకుడు పంది చర్మముపై పైపై గాయములు చేసి, కొన్నింటిని గాలికి విడిచి, కొన్నింటిని పలుచని పాలిథీన్ పొరతో కప్పి పరిశీలింపగా, తేమ నిలిచిన గాయములపై క్రొత్తచర్మము ఇంచుమించు రెండింతల వేగముతో ప్రాకినది. 1960లోనే చెకొస్లొవేకియాలో ఒట్టో విక్టర్లె, డ్రహోస్లావ్ లిమ్ అను రసాయనజ్ఞులు, నీటిని తనయందు నిలుపుకొని మెత్తగా నుండు పాలిమర్ జాలమును, అనగా హైడ్రోజెల్‌ను, దేహమునకు ఉపయోగపడునట్లు రూపొందించియుండిరి. గాయమునకు కావలసిన తేమను పట్టియుంచు పదార్థము అట్లు చేతికి వచ్చినది.

కాని మోకాలు, మోచేయి వంటి కీళ్లకడ దేహము కదలినప్పుడెల్ల జెల్ చీలును. ఆ చీలికలో సూక్ష్మజీవులు చేరును. తేమ వానికిని ప్రియమైనదే. చీలినను తనంత తాను అతుకుకొనుట, సూక్ష్మజీవులను చంపుట అను రెండు గుణములను ఒకే పదార్థమునందు కూర్చవలెనని శాస్త్రజ్ఞులు శ్రమించుటకు ఇదియే హేతువు.

అతుకుకొను గుణమునకు 1864లో హ్యూగో షిఫ్ వర్ణించిన రసాయనబంధము మిక్కిలి అనుకూలము. ఆల్డిహైడ్, ఎమీన్ అను రెండు సమూహములు కలియునప్పుడు ఒక నీటి అణువు వెలువడును. నీరు మరల చేరినచో ఆ బంధము వీడును. కోలాటమున జతలు క్షణక్షణము విడిపోవుచు క్రొత్తజతలు కట్టుచున్నను వలయము చెదరనట్లు, ఈ బంధములు నిరంతరము తెగుచు కలియుచున్నను జెల్ నిలిచియుండును. కోసిన రెండు ముక్కలను ఆనించి యుంచినచో అంచులందలి ఒంటరి సమూహములు పరస్పరము పట్టుకొనును. దృఢబంధములకు ఈ శక్తి లేదు. తెగుటకు సులభమగుటయే ఇచట బలమైనది.

ఎమీన్లకు నెలవు కైటోసాన్. రొయ్యల, పీతల పెంకులందలి కైటిన్‌ను క్షారముతో మార్పుచేసి దీనిని తీయుదురు. రొయ్యల సాగున దేశమున అగ్రగామియైన ఆంధ్రప్రదేశమునందు ప్రాసెసింగు కర్మాగారములు వెలువరించు పెంకులయందు ఈ ముడిద్రవ్యము పుష్కలముగా కలదు. స్వల్పమైన ఆమ్లతయందు కైటోసాన్ ఎమీన్లు ధనావేశమును పొంది, ఋణావేశముగల బాక్టీరియా పొరను పట్టి ఛేదించును. మందులకు లొంగని బాక్టీరియా వలన ఒక్క 2019లోనే ప్రపంచమున సుమారు 12,70,000 మరణములు సంభవించినవని అంచనా వేయబడిన ఈ కాలమున, పొరనే చీల్చు ఇట్టి పద్ధతి ఎంతయో విలువైనది.

చిక్కు ఇచటనే కలదు. బంధము కట్టునదియు, బాక్టీరియాను చంపునదియు ఆ ఎమీనే. బంధమునందు చిక్కుకొన్నది ఆయుధముగా పనికిరాదు. ఆయుధముగా విడిచినచో అతుకు బలహీనమగును. చైనాలోని షియాన్ జియావోతోంగ్ విశ్వవిద్యాలయమున బావోలిన్ గువో బృందము 2017లో ప్రకటించిన జెల్‌నందు, కైటోసాన్‌కు శాశ్వత ధనావేశముగల అమోనియం సమూహములను తగిలించి, మిగిలిన ఎమీన్లను బంధములకు వినియోగించిరి. నాకు ఇది మిక్కిలి చక్కని పరిష్కారముగా తోచుచున్నది.

అయినను ఆవేశము మితిమీరినచో మన ఎఱ్ఱరక్తకణముల పొరయు చీలును. కావున ఇట్టి ప్రతి జెల్‌ను రక్తముతోను పరీక్షింతురు. మరియు గాయము మానుటను గూర్చిన పరీక్షలు అధికముగా ఎలుకలపై జరుగుచున్నవి. ఎలుక చర్మము క్రిందనున్న పలుచని కండరము ముడుచుకొని గాయపు అంచులను దగ్గరకు లాగును. మధుమేహరోగి పాదముపై నెలల తరబడి మానని పుండునకు అట్టి సహాయము లేదు.