ట్రెక్‌కి వెళ్తున్నారా? ముందు గొళ్లెం సంగతి అడగండి!

రెండేళ్ల కిందట డిసెంబర్‌లో మా రూమ్మేట్ ఒకమ్మాయి కొండెక్కుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఎత్తు వల్ల కాదు, ఎండ వల్లా కాదు. ముందురోజు సాయంత్రం ఐదింటి నుంచి చుక్క నీళ్లు తాగలేదు. తాగితే రాత్రి టెంట్‌లోంచి లేచి బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని భయం.

మేం నలుగురం అబిడ్స్‌లో ఓ లేడీస్ హాస్టల్‌లో ఉంటాం. ఒకే గది, నాలుగు మంచాలు. పేర్ల కంటే ఊళ్లతోనే పిలుచుకుంటాం. కర్నూలు, మంచిర్యాల, భీమవరం... నేను నల్గొండ. పడిపోయింది భీమవరం.

అది మా మొదటి నడక ట్రిప్. ఫోన్‌లో చూసి బుక్ చేశాం. ఫోటోలో పచ్చటి కొండ, చెక్క గుడిసె, గుమ్మంలో పొగలు కక్కే టీ. తీరా వెళ్తే "గుడిసెలు ఫుల్ మేడమ్" అన్నారు. వరసగా టెంట్లు. తలుపు బదులు జిప్పు. పక్క టెంట్లలో మందు పార్టీ, రాత్రి ఒంటిగంట దాకా డీజే. బాత్రూంలు అల్లంత దూరాన, మధ్యలో ఒక్క లైటు లేదు.

తిరిగొచ్చాక భీమవరం వాళ్ల నాన్నగారికి విషయం తెలిసింది. ట్రిప్పుల మాట అటుంచి, అసలు ఉద్యోగమే మానేసి ఇంటికి వచ్చెయ్యమన్నారు. మా అమ్మ మాత్రం తిట్టలేదు. ఒక్కటే అడిగింది: "లోపల గొళ్లెం ఉన్నదో లేదో అడుగలేదా బిడ్డా?"

నిజంగా సిగ్గేసింది. ఎందుకంటే హాస్టల్ వెతుక్కునేటప్పుడు మేం అడిగిన మొదటి ప్రశ్నే అది.

హాస్టల్ తెలివి ఏమైంది?

అబిడ్స్, నాంపల్లి సందుల్లో హాస్టల్ కోసం తిరిగినోళ్లకి తెలుస్తుంది. బోర్డు మీద ఏం రాశారో ఎవరూ చూడరు. నీళ్లు ఎన్నింటికొస్తాయి? వేడినీళ్లున్నాయా? ఎంతమందికి ఒక బాత్రూం? గేటు ఎప్పుడేస్తారు? పరుపు ఎత్తి నల్లులున్నాయేమో చూస్తాం. ఈ తెలివంతా సిటీ దాటగానే ఎక్కడికి పోయింది? కొండ ఫోటో కనిపించగానే బుర్ర ఆగిపోయింది, అంతే.

నలుగురు కలిసి ఒక గదిలో పడుకోవడం మనకేం కొత్త కాదు. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. రైలు దిగినవాళ్లు తల దాచుకోవడానికని దాని దగ్గర్లోనే నిజాం జమానాలో సరాయి కట్టించారు. ఇప్పుడు మనం స్టైల్‌గా బంక్‌హౌస్ అంటున్నదానికి అదే తాత. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909లో పిల్లల్ని నడక యాత్రకి తీసుకెళ్తే గాలివాన వచ్చింది. దారిలో ఒక బడిలో తల దాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లను నడిచేవాళ్లకి రాత్రి బసగా ఇవ్వొచ్చు కదా అని ఆయనకు తట్టింది అక్కడే. ప్రపంచమంతా ఉన్న యూత్ హాస్టళ్లు అలా మొదలయ్యాయి. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1954 నుంచి ఉంది. కాబట్టి డార్మిటరీ అంటే ముఖం చిట్లించకండి. అడగాల్సినవి అడిగి తీసుకుంటే, నడిచేవాళ్లకి అంతకంటే చవకైన మంచి బస దొరకదు.

ఏది ఎవరికి?

టెంట్: గుంపుగా వెళ్లేవాళ్లకి, ఒక్క రాత్రికి ఓకే. గొళ్లెం ఉండదు, చలి ఆగదు. ఎవరు నడుపుతున్నారన్నదే ఇక్కడ అసలు విషయం.

గుడిసె, కాటేజీ: ఇద్దరుంటే ఖర్చెక్కువ, నలుగురు పంచుకుంటే పర్లేదు. 'గుడిసె' అని రాసి రేకుల షెడ్డు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వెదురా, మట్టిగోడా, రేకా అని అడగండి. రేకైతే రాత్రి చలి, పగలు వేడి.

డార్మిటరీ: మంచానికింత అని కడతాం. ఆడవాళ్లకి విడిగా ఉందా, మీ సామానుకి తాళమేసే పెట్టె ఉందా అన్నవి ముందే తెలుసుకోవాలి.

హోమ్‌స్టే: ఊళ్లో ఒక కుటుంబంతో ఉండటం. నేపాల్ కొండదారుల్లో నడిచేవాళ్లు పగలంతా నడిచి, రాత్రికి టీహౌస్‌లో తిని పడుకుంటారు. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది ఇదే.

ఎవరు నడుపుతున్నారో కూడా చూడండి. మారేడుమిల్లి దగ్గర వన సంరక్షణ సమితులతో నడిచే ఎకో టూరిజం ఉంది. నల్లమలలో మన్ననూరు దగ్గర అటవీ శాఖ బసలున్నాయి. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, మనిష్టమొచ్చినట్టు అడవిలో నడవడం కుదరదు. అనుమతి ఉన్న దారిలో, గైడ్‌తోనే వెళ్లాలి. అరకు, పాడేరు వైపు అంతా ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అందుకే "ఈ స్థలం ఎవరిదండీ?" అని అడగడం ఊరికే ఆరా తీయడం కాదు. మన డబ్బులు ఎవరికి చేరుతున్నాయో అర్థమవుతుంది.

ఫోన్‌లో అడగాల్సిన ఆరు ప్రశ్నలు

ఇవి మా నోట్స్‌లో ఉన్నవి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. తలుపుకి లోపల గొళ్లెం ఉందా? రాత్రి పిలిస్తే పలికేంత దూరంలో ఎవరుంటారు?

2. బాత్రూం ఎన్ని అడుగుల దూరం? దారిలో లైటుందా? కరెంటు పోతే? ఎంతమందికి ఒకటి? "అటాచ్డే మేడమ్" అంటే ఫోటో పంపమనండి.

3. రాత్రి నీళ్లొస్తాయా? వేడినీళ్లు గీజరా, కట్టెల పొయ్యా? కట్టెలైతే ఎన్ని గంటలకు?

4. మనిషికి ఎన్ని దుప్పట్లు? దోమతెర ఉందా? డిసెంబర్, జనవరిలో లంబసింగి వైపు సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. ఒక్క దుప్పటి చాలదు. ఏజెన్సీలో మలేరియా ఎప్పటినుంచో ఉన్న సమస్య, తెర లేకపోతే మీదే తీసుకెళ్లండి. దుప్పటి శుభ్రంగా ఉంటుందో లేదో అనిపిస్తే పాత కాటన్ చీరని సంచిలా కుట్టుకుని అందులో దూరిపోవచ్చు. మా అమ్మ కుట్టిచ్చింది, పావుకిలో కూడా లేదు.

5. రాత్రి పాటలు ఎన్నింటికి ఆపుతారు? "క్యాంప్‌ఫైర్, మ్యూజిక్ అన్నీ ఉన్నాయ్" అని ఉత్సాహంగా చెప్తే, తెల్లారి నాలుగింటికి లేచి నడవాల్సినవాళ్లు ఇంకోటి వెతుక్కోవాలి.

6. నడక ఎక్కడ మొదలవుతుంది? గుమ్మంలోంచా, లేక జీపులో పది కిలోమీటర్లు వెళ్లాకా? ఏ సిమ్‌కి సిగ్నల్ ఉంటుంది?

ఇంకో చిట్కా. వీడియో కాల్ పగలు కాదు, రాత్రి ఎనిమిదింటికి చేయండి. పగలు ప్రతి కొండా స్వర్గమే. లైటు ఎక్కడుందో, ఎంత గోలగా ఉందో రాత్రే తెలుస్తుంది. రివ్యూలు చదివితే ముందు ఒక్క స్టార్ ఇచ్చినవి, తర్వాత వానాకాలంలో రాసినవి చదవండి. కారే కప్పు సంగతి వాటిలోనే ఉంటుంది.

అనంతగిరి... ఏ అనంతగిరి?

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఓ చిరుగుల టూరిస్ట్ మ్యాప్ దొరికింది. దాన్ని ఇరానీ హోటల్ టేబుల్ మీద పరిచి రెండో ట్రిప్ ప్లాన్ వేస్తున్నాం. కర్నూలు గబగబా ఫోన్ తీసి, "అనంతగిరిలో గది చిక్కింది, చవకగా ఉంది, కొట్టేస్తున్నా!" అంది. చూస్తే అది వికారాబాద్ అనంతగిరి, మూసీ పుట్టే కొండలు. మేం వెళ్తున్నది అరకు దారిలోని అనంతగిరికి! సూర్యాపేట జిల్లాలోనూ ఒక అనంతగిరి ఉంది. ఆ రోజు చాయ్ బిల్లు కర్నూలే కట్టింది. డబ్బు కట్టేముందు జిల్లా పేరు చూసుకోండి.

మొదటిసారి నడిచేవాళ్లకి మాత్రం వికారాబాద్ అనంతగిరే బెస్ట్. సిటీ నుంచి 80 కిలోమీటర్ల లోపే. నచ్చకపోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. బూట్లు కరుస్తున్నాయా, బ్యాగు బరువెక్కువైందా అన్నది ముందు అక్కడ తేల్చుకోండి.

రెండోసారి

అసలు పరీక్ష భీమవరం వాళ్ల నాన్నగారు. ఆయన ఒప్పుకుంటేనే ట్రిప్. లేకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం సంగతీ గోవిందా. అరకు దగ్గర ఒక గిరిజన కుటుంబం ఇంటి పక్కనే కట్టిన మట్టిగోడల గది మాకు దొరికింది. రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంటావిడకి వీడియో కాల్ చేసి, ఆయన్నీ కలిపాం. మేం ఆరు ప్రశ్నలూ అడిగాం. ఆయన అంతా విని, "ఆయ్, ఆ తలుపొక్కసారి వేసి చూపించమ్మా" అన్నారు. ఆవిడ నవ్వుతూ లోపలికెళ్లి గొళ్లెం పెట్టింది. టక్‌మని చప్పుడు అందరికీ వినపడింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టార్చిలైట్ రెండు పట్టుకెళ్లండి" అన్నారు.

నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. బండి లేటవకపోతే అక్కడే కిరండూల్ పాసింజర్ దొరుకుతుంది. మాకు దొరికింది. బొర్రా గుహలు చూసి, చాలామంది జీపులో వెళ్లే కటికి జలపాతానికి మేం నడిచే వెళ్లాం. మర్నాడు మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద, కాఫీ తోటల మధ్య ఊరి దారుల్లో నడిచాం. రోజుకి పది, పన్నెండు కిలోమీటర్లు, అంతే. డిసెంబర్‌లో అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది. నాలుగున్నరకల్లా బసకి చేరేలా లెక్కేసుకోవాలి. చీకట్లో గది వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

అన్నీ అడిగినా అన్నీ దొరకవు. వేడినీళ్లు కట్టెల పొయ్యి మీదే, మనిషికి ఒక్క బకెట్. సిగ్నల్ కోసం పక్కనున్న దిబ్బెక్కాలి. కానీ అవన్నీ ముందే తెలుసు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. బాత్రూం గదికి పన్నెండు అడుగులు, బల్బు రాత్రంతా వెలిగేదే.

ఆ రాత్రి రాగి సంగటి, నాటుకోడి కూర తిన్నాం. ఇంటావిడ గ్లాసులు కడుక్కుంటూ పక్కింట్లోనే ఉంది. మంచిర్యాల గొళ్లెం పెట్టింది. దుప్పట్లు పంచుకుంటూ చూస్తే, భీమవరం లీటరు సీసా ఎత్తి గటగటా తాగుతోంది. సగం కాదు, మొత్తం.

"ఏమే, రాత్రి లేవాలి మళ్లీ" అన్నా.

"లేస్తా, ఏమైంది?" అని మూత పెట్టి పడుకుంది.