రాగి ఎక్కడ మొదలైంది?

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. వాళ్ల భవనాలు, పేర్లు ఇంకా గుర్తున్నాయి గానీ, వాళ్ల ఆయుధశాలల్లో పుట్టిన ఒక రైఫిల్ గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడుకోరు. అదే ఆర్‌ఎస్‌సీ 1917. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సుమారు 86,000 తయారయ్యాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలుతుంది, తర్వాతిదాన్ని రైఫిలే లోపలికి తీసుకుంటుంది. ఇందుకు కావలసిన బలం పేలుడు వాయువుదే. గొట్టానికి వేసిన సన్నని రంధ్రం గుండా కొంత వాయువు వెళ్లి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది.

తుపాకి గొట్టంలో రాగి పట్టే కథకు మూలం పొగలేని తుపాకిమందు. 1884లో పాల్ వియేయ్ దాన్ని తయారుచేశాడు, రెండేళ్లకే లెబెల్ రైఫిల్ వచ్చింది. వేగం బాగా పెరగడంతో మెత్తని సీసం గుండు తట్టుకోలేకపోయింది. దానికి గట్టి లోహపు తొడుగు వేయాల్సి వచ్చింది. 1898లో ఫ్రెంచివాళ్లు ఇంకా ముందుకెళ్లి సీసమే లేని గుండు చేశారు: నూటికి 90 పాళ్లు రాగి, 10 పాళ్లు జింకు. ఆర్‌ఎస్‌సీ పేల్చిందీ ఆ తూటాలనే.

రాగి ఉక్కుకంటే మెత్తన. గొట్టం లోపలి మెలిగాడుల్లో ఇరుక్కుని, తిరుగుతూ, సెకనుకు వందల మీటర్ల వేగంతో దూసుకుపోయే గుండు తన ఒంటిని కొద్దికొద్దిగా అక్కడే వదిలేస్తుంది. ఆ పొర మందమైతే గురి చెదురుతుంది. ఫిరంగుల్లో ఇదే బెడద వచ్చినప్పుడు ఫ్రెంచివాళ్లు మందుతోపాటు తగరం రేకు పెట్టారు. తగరం కలిసిన రాగి పెళుసెక్కి, తర్వాతి పేలుళ్లకు ఊడిపోయేది. నాకెంతో నచ్చిన ఉపాయమిది.

ఆర్‌ఎస్‌సీలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొత్తదైతే అందులో రాగి త్వరగా పట్టడానికి ముఖ్యంగా రెండు కారణాలు. గొట్టాన్ని తొలిచిన పనిముట్టు వదిలిన అడ్డగీతలు మొదటిది. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు: వాయురంధ్రం తొలిచినప్పుడు లోపలి అంచున మిగిలిపోయే ఉక్కు పొక్కు. ప్రతి గుండునూ అది చిత్రిక పట్టినట్టు గీరుతుంది. మన పోలీసులు ఏళ్లతరబడి మోసిన ఇషాపూర్ ఎస్‌ఎల్‌ఆర్‌కూ అలాంటి రంధ్రం ఉంది.

అయినా గురి తప్పగానే రాగిని నిందించడం తొందరపాటు. ముందు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, సైట్ల మరలు, కొయ్య బిగింపు, మూతి అంచు పరీక్షించాలి. తూటా రకం మార్చి చూడాలి. ఇవన్నీ బాగున్నాకే గొట్టంలోకి వెలుతురు వేయాలి. మందు మసి నల్లగా రాగిని కప్పేస్తుంది కాబట్టి ముందు దాన్ని తుడవాలి. అప్పుడు గాడుల మధ్య గట్లమీద ఎర్రని చారలు బయటపడతాయి.

ఇక పరీక్ష. రాగి బిందె మీది చిలుమును చింతపండు వదిలిస్తుంది, ఎందుకంటే చిలుము లోహం కాదు. గొట్టంలోది అసలు రాగి, పులుపుకు లొంగదు. దానికి అమోనియా ఉన్న ద్రావకం కావాలి. గాలిలోని ఆక్సిజన్ తోడై, రాగి కరిగి, తుడిచే గుడ్డ ముదురు నీలంగా మారుతుంది. ఈ పని గాలి ఆడే చోటే చేయాలి. ద్రావకాన్ని దాని డబ్బాపై చెప్పిన సమయం మించి ఉంచితే ఉక్కు పాడవవచ్చు. తుడిచాక నూనె రాయాలి.

ఆ నీలం అబద్ధమూ చెబుతుంది. ఇత్తడి మొన ఉన్న కడ్డీ, కంచు తీగల బ్రష్ కూడా రాగిమయమే. ఆ ద్రావకం వాటినీ కరిగిస్తుంది. శుభ్రమైన గొట్టంలోంచి కూడా నీలిగుడ్డ వస్తుంది, పాపం ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ రోజంతా తోముతూనే ఉంటాడు. నైలాన్ బ్రష్, ప్లాస్టిక్ మొన వాడితేనే సాక్ష్యం నమ్మదగింది.

రాగి ఎంతుందో చూడటం కంటే ఎక్కడ మొదలైందో చూడటం మేలు. గొట్టం పొడవునా పలచగా పరుచుకుని, వాడుతున్నకొద్దీ తగ్గుతూ వస్తే గరుకు అరుగుతోందన్నమాట, ఓపిక పడితే చాలు. వాయురంధ్రం దాకా శుభ్రంగా ఉండి, అక్కణ్నుంచి మూతి వైపు మాత్రమే చార సాగితే దోషం ఆ అంచుది. ఎంత ద్రావకం పోసినా ఆ దోషం పోదు. ఇంట్లో ఆకురాయి పెట్టకుండా గొట్టాన్ని తయారుచేసినవాళ్లకే తిప్పి పంపాలి.