బహుమతి కథ మీ బజార్లోనే ఉంది!

కథల పోటీ ప్రకటన కనిపించగానే చాలామంది పెద్ద విషయం కోసం వెతుకుతారు. వృద్ధాశ్రమం, అమెరికా కొడుకు, వరకట్నం... న్యాయనిర్ణేతల ముందున్న కట్టలో ఇలాంటివి బోలెడుంటాయి. మరి మీ కథ విడిగా కనిపించాలంటే? మీకు మాత్రమే బాగా తెలిసిన మనిషి అందులో ఉండాలి. ఆ మనిషి చాలాసార్లు మీ బజార్లోనే ఉంటాడు.

ఒక్క రాత్రి... ఇద్దరు మనుషులు

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. అందులో ఏముంది? ఓ రైలు ప్రయాణం, ఓ తుపాను రాత్రి. జీవితాన్ని పద్ధతుల చట్రంలో బిగించుకున్న పెద్దమనిషి ఒకరు, పొట్ట గడిస్తే చాలనుకునే బిచ్చగత్తె ఒకరు. గాలివాన ఇద్దర్నీ ఒకచోటికి చేర్చింది. తెల్లారేసరికి ఆయన మునుపటి మనిషి కాడు. మన నేల మీది కథే ప్రపంచ పోటీలో నెగ్గింది.

బొగ్గుబాయి దగ్గర కథ

రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ దాటితే రామగుండం, గోదావరిఖని. సిమెంటు, కరెంటు, బొగ్గు... ఇంటికో కథ దొరికే ప్రాంతం. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు ఈ జీవితాలను సాహిత్యంలోకి తెచ్చారు. అయినా రాయాల్సింది ఇంకా మిగిలే ఉంది.

ఉదాహరణకు ఓ సింగరేణి కార్మికుడిని ఊహించుకోండి. మస్టర్ పోతుందన్న భయంతో ఇరవై ఏళ్లు దగ్గును దాచుకుని బాయిలోకి దిగాడు. ఇప్పుడు కొడుక్కి ఉద్యోగం రావాలంటే తాను మెడికల్ అన్‌ఫిట్ కావాలి. తెల్లారితే మెడికల్ బోర్డు. పనికిరానని రాయాలని దేవుడికి మొక్కుకుంటున్నాడు. మరి భార్య ఏమని మొక్కాలి? అదిగో, కథ అక్కడుంది!

మొదలెక్కడ? ముగింపెక్కడ?

అతను బాయిలో చేరిన రోజు నుంచి మొదలుపెడితే నవలవుతుంది. బోర్డుకు వెళ్లే ముందు రాత్రి నుంచి మొదలుపెట్టండి. పాత సంగతులు అవసరమైన చోట ఒకటి రెండు వాక్యాల్లో వస్తాయి.

‘అతను చాలా బాధపడ్డాడు’ అని రాయకండి. కొడుకు వినకుండా తలగడలో మొహం పెట్టి దగ్గాడని రాయండి. బాధ పాఠకుడికే తెలుస్తుంది.

మాటలు ఆ ఇంటివే కావాలి. “నీకేం రోగం లేదని రాస్తే నేను ఏడ్వాల్నా, సంబురపడాల్నా?” అని ఆమె అడిగితే పేజీడు వర్ణన అక్కర్లేదు.

ఇక ముగింపు. పాత్రను చంపేయడం అన్నిటికన్నా సులువైన దారి. నీతి చెప్పడం రెండోది. రెండూ వద్దు. బోర్డు నుంచి తండ్రి వస్తాడు. కొడుకు ఎదురొస్తాడు కానీ, ఏమైందని అడగలేకపోతాడు. అక్కడ ఆపి చూడండి!

పంపే ముందు...

- ఓ వారం పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం మార్చండి.
- మొదటి పేరా తీసేసినా కథ నడిస్తే, తీసేయండి.
- పేజీల పరిమితి దాటొద్దు. కథ ప్రతి మీద పేరు రాయొద్దంటే రాయకండి.
- సొంత రచనేనని, ఎక్కడా అచ్చు కాలేదని, పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయండి. ఒక ప్రతి దగ్గరుంచుకోండి.
- పొరుగింటి వ్యథను వాడుకుంటే పేర్లు, ఆనవాళ్లు మార్చండి. బహుమతి కోసం ఎవరి పరువూ బజారున పడకూడదు.

బహుమతి రావచ్చు, రాకపోవచ్చు. కానీ తండ్రి తన జబ్బును కొడుక్కి ఆస్తిగా ఇవ్వాలనుకున్న ఆ రాత్రి గురించి, ఆ బజార్లో ఉన్నవాళ్లు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?