నావలోని పనిముట్ల పెట్టె

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు మన పెద్దలు. భాగ్యం తారుమారు కావడాన్ని గురించి పుట్టిన సామెత అది. మరమ్మతు విషయంలో మాత్రం ఓడకూ బండికీ సామ్యం లేదు. కరీంనగరం నుండి జగిత్యాలకు పోయే బాటలో బండి ఇరుసు విరిగితే, పక్క ఊరిలో ఒక వడ్రంగియో కమ్మరియో దొరుకుతాడు. నట్టేట నావకు పలక ఊడితే పిలిచినా పలికేవారుండరు. పెట్టెలో ఉన్న పనిముట్టే అక్కడ వడ్రంగి, అదే కమ్మరి. కావున దూరప్రయాణం చేసే నావలో ఏ పనిముట్టును ఉంచుకోవాలి, దేనిని ఒడ్డున విడువాలి అన్న ప్రశ్న చూడడానికి చిన్నదే అయినా, ప్రాణంతో ముడిపడినది.

ఉత్తర తెలంగాణకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆదిలాబాదు సరిహద్దున వార్ధా, వైనగంగలు కలిసి ప్రాణహిత అవుతున్నది. ఆ ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో లీనమవుతున్నది. బేరారు, నాగపురం ప్రాంతాల ప్రత్తిని ఈ నీటి బాటనే సముద్రానికి చేర్చవచ్చునని పందొమ్మిదవ శతాబ్దిలో సర్ ఆర్థర్ కాటన్ తలపోశాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమై ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరువైనపుడు ఆ తలపునకు మరింత బలం చేకూరింది. హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో పనులు సాగాయి. కాని నదికి అడ్డంగా మూడు శిలావరోధాలు నిలిచాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద, రెండవది ఇంద్రావతీ సంగమానికి దిగువన ఇచ్చంపల్లి వద్ద, మూడవది ప్రాణహిత మీద దేవలమరి వద్ద. వ్యయం పెరిగింది, వేసవిలో నీరు చాలదు, రైలు మార్గాలు ముందుకు వచ్చాయి. 1871లో పని నిలిపివేశారు.

ఆ చరిత్రలో మన విషయానికి కావలసిన పాఠం ఒకటున్నది. రాతి అవరోధాలు నదిని తునకలు చేశాయి. రెండు అవరోధాల నడుమ చిక్కిన నావకు ధవళేశ్వరపు కార్ఖానా ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు. ఏ వస్తువు లోపించినా అక్కడనే, ఉన్నవాటితోనే సరిచేసుకోవాలి. సముద్రయానం చేసే నావ స్థితి కూడా సరిగా ఇదే. దాని అవరోధం రాయి కాదు, దూరం.

1895లో బోస్టన్ రేవు నుండి ఒంటరిగా బయలుదేరి, 1898లో భూప్రదక్షిణం ముగించిన జాషువా స్లోకం, శిథిలమై పడి ఉన్న ఒక పాత నావను స్వహస్తాలతో పునర్నిర్మించుకొని వెళ్లాడు. ఆయన కాలాన విద్యుత్తుతో తిరిగే పనిముట్టు నావలో ఊహకందనిది. బాడిస, ఉలి, రంపం, బరమా, వీటితోనే పని జరిగింది. అనంతరం 2017 సెప్టెంబరు 10న గోవా నుండి మన నౌకాదళపు తెరచాప నావ ‘తారిణి’ ప్రయాణం సాగించింది. వర్తికా జోషి నాయకత్వాన ఆరుగురు మహిళా అధికారులు అందులో భూమండలాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య తెలుగు ఆడపడుచులు. వారికి కూడా చుక్కానిని తిప్పే యంత్రాంగంలో లోపం కలిగి, మారిషస్ రేవులో ఆగవలసి వచ్చింది. ఎంత చక్కగా సిద్ధమైన నావ అయినా సర్వమూ వెంట తీసుకొనిపోజాలదు. అందుకే ఎంపిక అవసరమవుతున్నది.

ఎంపికకు మూడు ప్రశ్నలు చాలును. ఏ వస్తువు చెడితే నావ మునుగును, లేదా దారి తప్పును? ఆ పనిని చేతి పనిముట్టు చేయగలదా? విద్యుత్ పనిముట్టే కావాలంటే దాని ఆహారం ఎక్కడిది?

మూడవ ప్రశ్ననే పలువురు మరచిపోతారు. ఎద్దును కొన్నవాడు గడ్డిని గురించి ఆలోచించకుండునా? ఇక్కడ భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఒక చక్కని లెక్క ఉన్నది. 18 వోల్టులు, 5 ఆంపియర్-గంటలు గల బ్యాటరీలో నిలువ ఉండే శక్తి 90 వాట్-గంటలు. తేలిక పనిలో 150 వాట్లు పీల్చే డ్రిల్లు దానితో 36 నిమిషాలు తిరుగుతుంది. ఇనుమును కోసే గ్రైండరు 600 వాట్లు పీల్చితే 9 నిమిషాలలోనే ఆ నిధి అడుగంటుతుంది. ఇక నావ సొంత బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలది అనుకుందాం. అందులో 1,200 వాట్-గంటలున్నట్లు కనిపించును గాని, సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చెడుతుంది. మిగిలిన 600లోనే రాత్రి దీపం, దారి చూపే పరికరం, రేడియో, నీటిని తోడే పంపు, అన్నీ బ్రతకాలి. పనిముట్టు తినే ప్రతి వాట్-గంట వాటి నోటి నుండి తీసినదే.

230 వోల్టుల విద్యుత్తుతో నడిచే పనిముట్లను తడి నేల మీద, ఉప్పు నీటి తుంపరల నడుమ వాడడం ప్రమాదకరం. చిన్న బ్యాటరీతో నడిచేవి ఈ విషయంలో మేలు. అన్ని పనిముట్లకూ ఒకే రకం బ్యాటరీ ఉండేటట్లు చూసుకోవాలి. ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది.

ఈ గీటురాయి మీద మొదట నిలిచేది డ్రిల్లు. అది రంధ్రం చేస్తుంది, మర బిగిస్తుంది, కొస మార్చితే తుప్పు కూడా గీకుతుంది. అయితే నావలో విరివిగా ఉండే స్టెయిన్‌లెస్ ఉక్కును తొలిచేటపుడు వేగం తగ్గించి, గట్టిగా అదిమి, నూనె వేస్తూ ఉండాలి. తొందరపడి వేగంగా తిప్పితే లోహం గట్టిపడి, మొన మొద్దుబారుతుంది. పనిముట్టు కంటే దానిని పట్టిన చేతికి తెలిసిన సంగతి ముఖ్యమనడానికి ఇంతకు మించిన నిదర్శనం వద్దు.

గ్రైండరు సంగతి వేరు. గాలివానలో తెరచాప స్తంభం విరిగి పడితే, ఉక్కు తీగలకు వ్రేలాడుతూ నావ ప్రక్కను పోటు మీద పోటు పొడుస్తుంది. తీగలను వెంటనే తెంచకపోతే నావకే చిల్లు పడవచ్చు. అట్టి వేళ గ్రైండరు క్షణాలలో పని ముగిస్తుంది. కాని అది చిమ్మే నిప్పురవ్వలు పెట్రోలు ఆవిరి ఉన్నచోట చేటు తెస్తాయి. నావ మేన పడిన ఉక్కు రజను తుప్పు మచ్చలుగా మిగులుతుంది. అలలు మీద పడే రాత్రి బ్యాటరీ నిండి ఉన్నదో లేదో చూసే తీరిక ఉండదు. కనుక గ్రైండరు ఉన్నా లేకున్నా, తీగలను తుంచే పొడవు పిడుల కత్తెరా, ఒక మంచి ఇనుప రంపమూ తప్పక ఉండాలి.

ఇరుకు మూలలలో పలకను కోయడానికి, కదలికతో గీకే చిన్న పనిముట్టు మూడవ స్థానం పొందవచ్చును. నునుపు చేసే యంత్రం, పెద్ద రంపపు యంత్రం వంటివి ఒడ్డున విడువదగినవి. వాటి పని రేవులో జరిగేదే గాని, కల్లోలంలో జరిగేది కాదు. తీసుకొన్నవాటిని నూనె గుడ్డలో చుట్టి, గాలి చొరని పెట్టెలో ఉంచాలి. ఉప్పు గాలికి ఇనుమంటే మహా ప్రీతి.

ఆదిలాబాదు అడవుల టేకు శతాబ్దాలుగా తెప్పలై గోదావరిలో దిగువకు సాగింది. ఆ తెప్ప నడిపినవారి వద్ద ఉన్న సరంజామా స్వల్పం. అంత మాత్రాన వారు పేదరికాన్ని ఆదర్శంగా ఎంచారని కాదు. చేతిలో ఉన్నదానితో ఏం చేయగలరో వారికి తెలుసు. పనిముట్లు పెరిగిన కొద్దీ తెలివి పెరుగుతుందని నేటి కాలం నమ్ముతున్నది. ఒక బాలునికి డ్రిల్లు ఇచ్చే ముందు బరమా ఇచ్చి, ఒక పలకకు నాలుగు రంధ్రాలు చేయించాలి. అపుడు వానికి కర్ర గట్టిదనం తెలుస్తుంది, లోతు తెలుస్తుంది, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. నావలో బ్యాటరీ అడుగంటిన రాత్రి, వాని చేతిలో మిగిలేది ఆ ఎరుకే.